నర్సు పరీక్షలో మన ఇంటి ప్రశ్నలు

సౌకార్‌పేటలో మా బంధువుల అమ్మాయి అమెరికా నర్సు లైసెన్సుకని ఎన్‌క్లెక్స్ పరీక్షకు చదువుతోంది. ఆ పరీక్ష చెన్నైలోనే రాయవచ్చు. ఆమె సాధన ప్రశ్నల పుస్తకం ఒకసారి తిరగేశాను. లెడ్జర్లతో ముప్పై ఏళ్లు గడిపిన నాకు కూడా వదలబుద్ధి కాలేదు.

మందు పేరేమిటని అడిగే ప్రశ్నలు అందులో తక్కువ. "ముందుగా ఏం చేస్తావు?" అన్నవే ఎక్కువ. గుండెజబ్బు మనిషికి డిజాక్సిన్ మాత్ర ఇవ్వాలి, నాడి చూస్తే నిమిషానికి 52. మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. పెద్దవాళ్లకు 60కి తగ్గితే ఆగమని నియమం. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయడం కుదరదు, నిండు నిమిషం లెక్కపెట్టాల్సిందే.

"మీరు సుబ్బారావుగారేనా?" అని రోగిని అడగడం కూడా తప్పేనట. మగతలో ఉన్నవాడు దేనికైనా "ఆఁ" అంటాడు. "మీ పేరు చెప్పండి" అనాలి, పుట్టిన తేదీ కూడా సరిచూడాలి. తాత పేరే మనవడికి పెట్టుకునే మన ఇళ్లలో మందుల కవరు మీద పేరొక్కటే ఎలా చాలుతుంది?

నన్ను ఎక్కువసేపు ఆపింది ఇన్సులిన్ లెక్క. మిఠాయిలకు పేరుపడ్డ మా పేటలో ఇన్సులిన్ సీసా ఉన్న ఇళ్లు తక్కువేమీ కావు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలున్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. సిరంజీలూ రెండు రకాలే: మామూలుగా ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 సీసా మందును 100 సిరంజీలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే, చక్కెర దిగదు. 100 సీసా మందును 40 సిరంజీలో అదే గీత దాకా లాగితే వెళ్లేవి 50! చెమటలు, వణుకు, చివరికి స్పృహ తప్పడం. గీత సరిగ్గానే చూశారు, సీసాకూ సిరంజీకే పొత్తు కుదరలేదు.

అమెరికాలో ప్రధానంగా వాడేది 100 రకమే కనుక కాబోలు, ఆ పుస్తకంలో ఈ చిక్కు నాకు కనబడలేదు. పిల్లల దగ్గరికి ఆర్నెల్లకని వెళ్లే మన అమ్మమ్మలకు మాత్రం ఇది ఎదురవుతుంది. ఇక్కడి 40 సీసాలు సంచిలో ఉంటాయి. సిరంజీలు అయిపోతే అక్కడ దొరికేవి 100వి. ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడి 100 రకానికి మారాలి, లేదా ఎర్ర మూతవి సరిపడా కట్టుకెళ్లాలి. చాలా ఆసుపత్రుల్లో ఇన్సులిన్ మోతాదును ఇద్దరు నర్సులు విడివిడిగా చూస్తారు, మా బ్యాంకులో పెద్ద చెల్లింపుకు రెండు సంతకాల్లాగా. ఇంట్లో రెండో సంతకం మనవరాలిది కావచ్చు. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె పైకి చదవమంటే చాలు.