పగడపు దిబ్బ వేరు, దానిమీది ఊరు వేరు

పసిఫిక్ మహాసముద్రంలో, మార్షల్ దీవుల వాయవ్యాన ఉన్న ఎనివెటాక్ ఒక వలయాకారపు పగడపు దీవి. మధ్యలో విశాలమైన ఉప్పు మడుగు, అంచున సుమారు 40 లంకలు. అన్నీ కలిపినా నేల 6 చదరపు కిలోమీటర్ల లోపే. నడిసముద్రంలో ఈ వలయం ఎలా ఏర్పడింది? అగ్నిపర్వతం మెల్లగా కుంగుతుంటే దాని చుట్టూ పెరిగిన పగడాలు వెలుతురు అందే ఎత్తున నిలిచేందుకు పైపైకి కట్టుకుంటూ పోతాయని, కొండ మునిగాక వలయం మిగులుతుందని 1842లో చార్లెస్ డార్విన్ వివరించాడు. సముద్ర శాస్త్రవేత్త జాన్ మరే ఒప్పుకోలేదు. కొండ కుంగనక్కర్లేదు, సముద్రగర్భంలోని గుట్టలమీద జీవుల గుల్లలు పేరుకుంటే చాలునన్నాడు. 1890ల చివర ఫునాఫుటి దీవిలో రాయల్ సొసైటీ 340 మీటర్ల దాకా బోరు వేయించినా అగ్నిశిల తగల్లేదు, తగవు తెగలేదు. చివరికి 1952లో, అణు పరీక్షల ఏర్పాట్లలో భాగంగా ఎనివెటాక్‌లో వేసిన బోర్లకు 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాక ఆ శిల తగిలింది. లోతులేని నీటిలోనే బతికే జీవుల అవశేషాలు అంత అడుగున దొరికాయంటే కొండ కుంగిందన్నమాటే. అడుగు పొరల వయసు దాదాపు 5 కోట్ల ఏళ్లు.

ఈ లెక్కన కొండ వెయ్యేళ్లకు రెండు మూడు సెంటీమీటర్లు కుంగింది. ఇప్పుడు సముద్రమట్టం ఏడాదికే 3 మిల్లీమీటర్లకు పైగా, అంటే వంద రెట్లకు మించిన వేగంతో పెరుగుతోంది. హిమయుగం చివర ఇంతకన్నా వేగంగా పెరిగినా పగడాలు తట్టుకున్నాయి కదా అనవచ్చు. నిజమే, కానీ అప్పుడు తట్టుకున్నది దిబ్బ. దానిమీది లంకలు గత కొన్ని వేల ఏళ్లలో, సముద్రం కాస్త నిలకడకు వచ్చాక, అలలు పగడపు ముక్కలనూ ఇసుకనూ పోగేస్తే ఏర్పడ్డవి. ఆ అలలు ఇప్పటికీ ఇసుక తెచ్చిపోస్తున్నాయన్నదీ కాదనలేని మాటే: 1971, 2014 మధ్య తువాలు దీవుల మొత్తం నేల సుమారు 3 శాతం పెరిగింది. అయితే నేల ఉన్నంత మాత్రాన ఊరు నిలవదు. వాన నీరు లంక ఇసుకలోకి ఇంకి, కిందనున్న ఉప్పునీటిమీద పలచని పొరగా తేలుతుంది. బావులకూ, నీటిమట్టం దాకా తవ్విన గుంటల్లో పెంచే చామజాతి దుంపలకూ అదే ఆధారం. ఒక పెద్ద అల లంకను ముంచెత్తితే ఆ నీరు నెలల తరబడి ఉప్పగా మారుతుంది, దుంపలు కుళ్లిపోతాయి. ముంపు తరచైతే నీరు కోలుకునే వ్యవధే ఉండదు. కాబట్టి ఈ దీవుల భవిష్యత్తును తేల్చాలంటే పటంమీది విస్తీర్ణం చాలదు. బావిలోని ఉప్పదనాన్ని ఏటా కొలవాలి.