రక్తనాళాల లోపలి పొర చెదిరితే ఊపిరితిత్తులకు ముప్పు
విషవాయువైనా, విషజ్వరమైనా దెబ్బతినేది ఆ కణాలే

అనకాపల్లి: కర్మాగారంలో విషవాయువు పీల్చిన కార్మికునికి, చెరకు తోటలో పురుగు కుట్టి జ్వరం బారిన పడిన వ్యవసాయ కూలీకి మధ్య పైకి ఏ పోలికా కనిపించదు. వ్యాధి ముదిరి ఇరువురూ అత్యవసర చికిత్సా విభాగానికి చేరినప్పుడు మాత్రం వైద్యులకు ఎదురయ్యే సమస్య తరచు ఒక్కటే. ఊపిరితిత్తులలోని అతి సన్నని రక్తనాళాలు ద్రవాన్ని తమలో నిలుపుకొనలేకపోవడం, ఆ ద్రవం గాలి నిండవలసిన చోట నిండిపోవడం. దీనినే వైద్యశాస్త్రం తీవ్ర శ్వాసకోశ క్షత స్థితిగా పరిగణిస్తున్నది. పరవాడ, అచ్యుతాపురం, రాంబిల్లి, నక్కపల్లి మండలాలలో పరిశ్రమలు, చోడవరం, మాడుగుల ప్రాంతాలలో వ్యవసాయం విస్తరించి ఉన్న అనకాపల్లి జిల్లాకు ఈ విషయం కేవలం పుస్తక విజ్ఞానం కాదు.

మనిషి ఊపిరితిత్తులలో వాయుగోణులనబడే చిన్న చిన్న గాలి తిత్తులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటిని విప్పి పరచినట్లయితే సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యం ఏర్పడుతుంది. ప్రతి తిత్తినీ రక్త కేశనాళికలు వలవలె అల్లుకొని ఉంటాయి. గుండె నిమిషానికి పంపే సుమారు 5 లీటర్ల రక్తమంతయు ఈ వల గుండానే ప్రవహించాలి. ఒక ఎర్ర రక్తకణం ఇక్కడ గడిపే కాలం ఒక సెకను కంటే తక్కువ. ఆ స్వల్ప వ్యవధిలో ప్రాణవాయువు రక్తంలో చేరాలంటే గాలికి, రక్తానికి నడుమ గోడ మిక్కిలి పలుచగా ఉండక తప్పదు. చాలాచోట్ల అది మిల్లీమీటరులో వెయ్యవ వంతు కంటే కూడా పలుచన. ఆ గోడకు రక్తం వైపున ఉన్న పొరయే ఎండోథీలియం, అనగా రక్తనాళాల లోపలి పొర. ఇది ఒకే వరుస కణాలతో ఏర్పడినది.

ఈ పొర పనితీరును చెరువు గట్టుతో పోల్చవచ్చును. ఎంత మంచి గట్టుకైనా కొంత ఊట ఉంటుంది. ఆ ఊటను పక్క కాలువ తీసుకొనిపోతుంది. శరీరంలో ఆ కాలువ పని శోషరస నాళాలు నిర్వహిస్తాయి. నాళం లోపలి పీడనం ద్రవాన్ని బయటికి నెట్టగా, రక్తంలోని మాంసకృత్తులు దానిని లోపలికి లాగి ఉంచుతాయని 1896లో ఆంగ్ల శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ వివరించారు. గుండె జబ్బులో ఊపిరితిత్తులకు నీరు పట్టడమంటే గట్టు బాగానే ఉండి చెరువులో నీటి మట్టం పెరిగి పొర్లడం. తీవ్ర శ్వాసకోశ క్షతంలో నీటి మట్టం మామూలుగానే ఉంటుంది, గట్టుకే గండి పడుతుంది. అందువలన నీటితోపాటు మాంసకృత్తులు కూడా బయటకు వచ్చేస్తాయి. ఈ భేదం గ్రహించనిదే చికిత్స బోధపడదు.

అయితే గట్టుతో పోలిక ఇంతవరకే. మట్టి గట్టు దానంతట అది ఏమీ చేయదు, ఈ కణాలు చేస్తాయి. పక్కపక్క కణాలను కలిపి ఉంచే కాడ్‌హెరిన్ అనే మాంసకృత్తు కుట్టువంటిది. విషపదార్థం గాని, సూక్ష్మజీవి గాని సమీపించిన సంకేతం అందగానే ఈ కుట్లు సడలుతాయి. కొన్ని నిమిషాలలోనే కణాలు తమలో దాచి ఉంచిన సెలెక్టిన్ అనే పదార్థాన్ని ఉపరితలానికి తెస్తాయి. అది కొక్కెం వలె పనిచేసి, రక్తంలో సాగిపోతున్న న్యూట్రోఫిల్ రకపు తెల్ల కణాలను పట్టి ఆపుతుంది. సూక్ష్మజీవులను చంపడానికి ఉద్దేశించిన రసాయనాలను ఆ తెల్ల కణాలు అక్కడే విడుదల చేయడంతో నాళపు గోడ మరింత దెబ్బతింటుంది. మామూలుగా రక్తం గడ్డకట్టకుండా కాపాడే ఈ పొరయే అప్పుడు గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. కోవిడ్ వ్యాధితో మరణించిన వారి ఊపిరితిత్తులను 2020లో పరీక్షించిన ఒక పరిశోధనలో, ఇన్‌ఫ్లుయెంజా మృతులతో పోలిస్తే కేశనాళికలలో సూక్ష్మమైన గడ్డలు 9 రెట్లు అధికంగా కనిపించాయి. రక్షకుడే భక్షకుడైన తీరు ఇది.

జిల్లా అనుభవాన్ని ఇక్కడ ప్రస్తావించడం అవసరం. 2022 జూన్‌లోను, తిరిగి ఆగస్టులోను అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో విషవాయువు వల్ల పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు అస్వస్థులయ్యారు. 2024 నవంబరులో పరవాడ ఫార్మాసిటీలోని ఒక కర్మాగారంలో హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరోఫారం ఆవిర్లు వెలువడి ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోగా, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. నీటిలో సులభంగా కరిగే హైడ్రోజన్ క్లోరైడ్, అమోనియా వంటి వాయువులు ముక్కు, గొంతులను వెంటనే మండిస్తాయి, మనిషి పరుగెత్తి బయటపడతాడు. మోతాదు ఎక్కువైతే మాత్రం అవి కూడా లోపలికి చేరతాయి. ఫాస్జీన్, నైట్రోజన్ డయాక్సైడ్ వంటివి అంతగా కరగవు. అవి పెద్దగా బాధ కలిగించకుండానే వాయుగోణుల దాకా వెళతాయి. గట్టుకు గండి పడి నీరు నిండడానికి కొన్ని గంటలు పడుతుంది, ఒక్కొక్కసారి ఒక దినం కూడా పట్టవచ్చు. మధ్యాహ్నం వాయువు పీల్చి, కాస్త దగ్గు తప్ప ఏమీ లేదని ఇంటికి వెళ్లిన మనిషికి రాత్రివేళ ఆయాసం రావడానికి కారణం ఇదే. బాధ తగ్గినంత మాత్రాన ప్రమాదం తప్పినట్లు భావించరాదు.

విషవాయువు గాలి వైపు నుండి దాడి చేస్తే, స్క్రబ్ టైఫస్ రక్తం వైపు నుండి దాడి చేస్తుంది. పొదలలో, గట్ల మీది గడ్డిలో ఉండే నల్లి జాతి సూక్ష్మ పురుగు పిల్లలు కుట్టడం వలన ఓరియెన్షియా అనే బాక్టీరియా శరీరంలో ప్రవేశిస్తుంది. అది నివాసం ఏర్పరచుకొనేది నేరుగా ఎండోథీలియల్ కణాలలోనే. కుట్టినప్పుడు నొప్పి ఉండదు. జ్వరం వారం పది రోజుల తరువాత వస్తుంది. చంకలో, గజ్జలలో, నడుము వద్ద సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు కూడా. డాక్సీసైక్లిన్ వంటి చవకైన మందుతో సకాలంలో నయమయ్యే ఈ జ్వరానికి పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ తరగతుల మందులు పనిచేయవు. అవి వాడుతూ రోజులు గడిపితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తీవ్ర దశలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మందులను రెండింటినీ కలిపి నరం ద్వారా ఇవ్వడం, ఏదో ఒకటి ఇవ్వడం కంటే మేలని భారతదేశంలోనే జరిగిన పరిశోధన 2023లో నిరూపించింది.

ఈ స్థితిని 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు 12 మంది రోగుల ఆధారంగా తొలిసారి వర్ణించారు. సడలిన కుట్లను తిరిగి బిగించే మందు ఇంతవరకు వైద్యుల చేతికి రాలేదు. పీల్చే నైట్రిక్ ఆక్సైడ్ ప్రాణవాయువు శాతాన్ని పెంచినది గాని మరణాలను తగ్గించలేదు, స్టాటిన్లు ఫలితమివ్వలేదు. ఫలితమిచ్చినవి సామాన్యమైన జాగ్రత్తలే కావడం గమనార్హం. వెంటిలేటర్ ద్వారా ఒక్కొక్క శ్వాసకు పంపే గాలిని శరీర బరువు లెక్కన కిలోకు 12 మి.లీ. నుండి 6 మి.లీ.కి తగ్గించినప్పుడు మరణాలు సుమారు 40 శాతం నుండి 31 శాతానికి తగ్గినట్లు 2000లో వెల్లడైంది. తీవ్ర రోగులను రోజులో అత్యధిక భాగం బోర్లా పడుకోబెట్టడం వలన 28 రోజుల లోపు మరణాలు 33 శాతం నుండి 16 శాతానికి తగ్గినట్లు 2013లో తేలింది. సెలైన్ మితంగా ఎక్కిస్తే వెంటిలేటర్‌పై ఉండవలసిన రోజులు తగ్గుతాయని 2006లో రుజువైంది. గట్టుకు గండి పడినప్పుడు చెరువులోకి నీరు వదలకపోవడమే కదా!

వాయువు పీల్చిన వ్యక్తిని వెంటనే స్వచ్ఛమైన గాలిలోకి చేర్చి, దుస్తులు మార్పించి, నడిపించకుండా కూర్చోబెట్టి 108 వాహనాన్ని పిలవాలి. పీల్చిన రసాయనం పేరు, పీల్చిన సమయం వైద్యునికి తప్పక తెలియజేయాలి. పరిశ్రమలో ఉండే ఆ రసాయనపు భద్రతా వివరాల పత్రాన్ని రోగితో పాటు పంపినట్లయితే ఎన్ని గంటలు పరిశీలనలో ఉంచవలసినదీ వైద్యులు నిర్ణయించగలరు. జ్వరంతో వచ్చినవారు పొలం పనికి, పొదలలోకి వెళ్లిన సంగతి చెప్పాలి. దుస్తుల మాటున ఉండే నల్లని పెచ్చును రోగి స్వయంగా గమనించడం అరుదు కనుక ఇంటివారు వెదికి చూడవలసి ఉంటుంది.