బ్రేకు పట్టేస్తే... ఎముకకు ముప్పా?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బ్రేకు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పడకపోతే ప్రమాదం, పట్టేసి వదలకపోతే బండి కదలదు.

క్యాన్సర్ కణాలను వేటాడే మన టి-కణాలకూ అలాంటి బ్రేకు ఒకటుంది. అదే సీటీఎల్ఏ-4 అనే ప్రొటీన్. దాన్ని వదులు చేసి క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని చూపిన జేమ్స్ అల్లిసన్ 2018లో తసుకు హోంజోతో కలిసి నోబెల్ అందుకున్నారు.

ఈ ప్రొటీన్‌కు చెందిన జన్యువులో 49వ స్థానంలో కొందరికి ‘జి’ అక్షరం, మరికొందరికి ‘ఎ’ ఉంటుంది. ‘ఎ’ ఉంటే బ్రేకు కాస్త గట్టిగా పడుతుంది. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ వచ్చినవారిలో, తల్లిదండ్రులిద్దరి నుంచీ ‘ఎ’ పొందినవారు ఎక్కువగా ఉన్నారని చైనాలో జరిగిన అధ్యయనాలు తెలిపాయి.

కంగారు వద్దు. ఈ జబ్బు ఏటా పది లక్షల మందిలో కొద్దిమందికే వస్తుంది. ఆ ముప్పు రెట్టింపైనా అరుదే. కాబట్టి జన్యు పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు.

చూడాల్సింది పిల్లల మోకాళ్లను. ఎదిగే వయసులో ఈ క్యాన్సర్ ఎక్కువగా మోకాలి దగ్గరే మొదలవుతుంది. ఆటలో తగిలిన దెబ్బేలే అనుకుంటే విలువైన నెలలు గడిచిపోతాయి. వారాల తరబడి తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, వాపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి.