బుల్లెట్‌కు డిస్కు బ్రేకు: పానా పట్టేముందు వేయాల్సిన లెక్కలు

పుదుచ్చేరి నుంచి తూర్పుతీర రహదారి (ఈసీఆర్) మీద చెన్నైకి సుమారు 150 కిలోమీటర్లు. నగరం దాటి ఇంకాస్త ఉత్తరానికి పోతే తిరువొత్తియూరు. మన దేశంలో బుల్లెట్ పుట్టిల్లు అదే. మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. మరుసటి ఏడాదికల్లా బళ్లు బయటికి రావడం మొదలైంది. ఆ కాలపు డిజైనుతోనే దశాబ్దాలపాటు తయారైన బుల్లెట్లకు పుదుచ్చేరిలో ఇప్పటికీ కొదవ లేదు. వైట్ టౌన్ వీధుల్లో 30, 40 మీద పోయేవాడికి పాత డ్రమ్ బ్రేకుతో పెద్ద ఇబ్బంది ఉండదు. ఈసీఆర్ ఎక్కి 80 అందుకున్నాకే అసలు భయం మొదలవుతుంది. ముందు షాకులు (ఫోర్కు) మార్చి డిస్కు పెట్టిద్దామన్న ఆలోచన వచ్చేదీ అక్కడే.

ఆలోచన మంచిదే. కానీ ఫోర్కు, చక్రం, బ్రేకు, లివరు వేరువేరు పనులు కావు. ఒక అంకె కదిలిస్తే మిగతావన్నీ కదులుతాయి.

ఎన్ని మీటర్లు మిగులుతాయి?

ఈడిగిలిన డ్రమ్ముతో బండి బరువులో 40 శాతానికి సమానమైన ఆపుదల బలం వస్తుందనుకుందాం. మంచి డిస్కు, మంచి టైరు ఉంటే పొడి రోడ్డు మీద 70 శాతం దాకా రాబట్టొచ్చు. ఆ లెక్కన బ్రేకు పట్టాక బండి ఆగే దూరం ఇది:

40 కి.మీ. వేగంలో: డ్రమ్ముకు 16 మీటర్లు, డిస్కుకు 9.
60 కి.మీ. వేగంలో: 35 మీటర్లు, 20.
80 కి.మీ. వేగంలో: 63 మీటర్లు, 36.

వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే ఊళ్లో 7 మీటర్లున్న తేడా హైవే మీద 27 మీటర్లయింది. అయితే ప్రమాదం కంటబడి చేయి లివరు మీదికి వెళ్లేసరికి ఒక సెకను పోతుంది. 80లో ఆ సెకనుకే బండి 22 మీటర్లు దాటేస్తుంది. ఏ డిస్కూ ఆ 22ను తగ్గించలేదు.

డ్రమ్మును తీసేసేముందు దానికీ ఒక అవకాశం ఇవ్వాలి. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు కేబులుకూ, డ్రమ్ము పక్కనున్న ఆర్ముకూ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉండాలి. లైనింగు అరిగి ఆ కోణం 120కి చేరితే, చేతి బలంలో 13 శాతం వృథా. కొత్త షూలు, కొత్త కేబులు వేసి, అండాకారం తిరిగిన డ్రమ్మును లేత్ మీద పట్టిస్తే చాలా బళ్లు మళ్లీ దారికొస్తాయి. 7 అంగుళాల డ్రమ్ములో రెండు షూలూ ముందుకు లాగే రకమైతే దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. 1983లో 30.5 హార్స్‌పవర్‌తో వచ్చిన రాజ్‌దూత్ 350కి మన దేశంలో ఇచ్చింది ఆ రకం డ్రమ్మే.

బరువంతా ముందుకే

బండి, మనిషి కలిపి 240 కిలోలు, చక్రాల మధ్య దూరం 1370 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 600 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు చెరో చక్రం మీదా 120 కిలోలు. డ్రమ్ముతో ఆపేటప్పుడు 42 కిలోలు వెనక నుంచి ముందుకు వస్తాయి. డిస్కుతో అయితే 74. అంటే ముందు చక్రం 194 కిలోలు మోస్తుంది, మొత్తంలో 81 శాతం.

ఆ భారం పడేది ఫోర్కు స్ప్రింగుల మీద. ఒక్కో స్ప్రింగును మిల్లీమీటరు నొక్కడానికి 7 న్యూటన్లు కావాలనుకుంటే, డ్రమ్ముతో ముందు భాగం 29 మిల్లీమీటర్లు కుంగుతుంది, డిస్కుతో 50 పైచిలుకు. ఫోర్కు మొత్తం కదలిక 130 మిల్లీమీటర్లనుకుంటే, మనిషి కూర్చోగానే 35 దాకా పోతుంది. బ్రేకుతో మరో 50 పోతే గుంత వచ్చినప్పుడు మిగిలేది 45. పాత మెత్తని స్ప్రింగుల మీద కొత్త డిస్కు బిగిస్తే బండి ముక్కు నేలకు తగిలినట్టు వంగడానికి కారణం ఇదే. బ్రేకు పెంచితే స్ప్రింగు, ఫోర్కు ఆయిలు కూడా చూడాల్సిందే.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. రబ్బరు బూటు ఎత్తి, ఫోర్కు గొట్టం మీది క్రోమును గోటితో పైనుంచి కిందికి గీయండి. గోరు ఎక్కడైనా పట్టిందంటే ఉప్పుగాలి అక్కడ గుంట తవ్వినట్టే. ఎన్ని ఆయిల్ సీళ్లు మార్చినా ఆ గుంట ప్రతిదాన్నీ కోసేస్తుంది. సెకండ్‌హ్యాండు ఫోర్కు కొనేటప్పుడు మొదటి పరీక్ష ఇదే కావాలి.

పొట్టి ఫోర్కు, చిన్న చక్రం

కొత్తకాలపు బండి నుంచి తెచ్చే ఫోర్కు తరచూ 17 అంగుళాల చక్రంతో వస్తుంది. బుల్లెట్‌ది 19. 3.25-19 టైరు సగం ఎత్తు సుమారు 324 మిల్లీమీటర్లు, 110/70-17 టైరుది 293. అక్కడే 31 మిల్లీమీటర్లు తగ్గాయి. ఫోర్కు ఇంకో 30 పొట్టిదైతే ముందు భాగం మొత్తం 58 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది. హ్యాండిల్ వాలు 27 డిగ్రీలుంటే 24.6కి వస్తుంది.

బండి నేరుగా పోవడానికి కారణమైన కొలత ట్రెయిల్. హ్యాండిల్ ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరమే అది. ఆ గీతకూ చక్రం మధ్యకూ ఎడం 55 మిల్లీమీటర్లనుకుంటే, పాత అమరికలో ట్రెయిల్ 103. ఆ ఎడం మార్చకుండా పొట్టి ఫోర్కు, చిన్న చక్రం పెడితే 74కి పడిపోతుంది. హ్యాండిల్ తేలికైపోయి, వేగంలో వణుకు మొదలవుతుంది. ఫోర్కును పట్టి ఉంచే టీ స్టెమ్‌ను ఎడం 30 ఉన్నది వేస్తే 101కి వస్తుంది. ఒక్క టీ ఎంపికే 27 మిల్లీమీటర్ల తేడా తెస్తుంది. ఇక 140 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు ఇంజను దగ్గర 110కి దిగుతుంది. మన స్పీడ్ బ్రేకర్లు తెలిసినవాళ్లకు అంతకుమించి చెప్పక్కర్లేదు.

బుల్లెట్‌తో మరో చిక్కు ఉంది. హెడ్‌లైటు, మీటరు, రెండు టైగర్ ల్యాంపులు కూర్చున్న క్యాస్కెట్ అలంకారం కాదు, ఫోర్కు గొట్టాల పైకొసలు అందులోకే ఎక్కుతాయి. వేరే ఫోర్కు పెడితే క్యాస్కెట్ పోతుంది, దాంతో బుల్లెట్ ముఖమే పోతుంది. కొత్త స్టెమ్‌కు తగ్గ కోన్‌సెట్, స్పేసర్లు, హెడ్‌లైటు బ్రాకెట్లు అన్నీ లేత్ పనే.

మాస్టర్ సిలిండర్ దగ్గర తప్పే లెక్క

డిస్కును పట్టే క్యాలిపరు ఒక బండిదీ, లివరు దగ్గర ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండరు ఇంకో బండిదీ కలిపితే బ్రేకు పట్టొచ్చు, పట్టకపోవచ్చు. క్యాలిపరులో 27 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండుంటే వైశాల్యం 1145 చదరపు మిల్లీమీటర్లు. 14 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండరు వైశాల్యం 154. నిష్పత్తి 7.4. రెండు డిస్కుల పెద్ద బండి నుంచి తెచ్చిన 16 మిల్లీమీటర్లది పెడితే నిష్పత్తి 5.7కి పడుతుంది. లివరు రాయిలా ఉంటుంది, బలం 23 శాతం తగ్గుతుంది. 11 మిల్లీమీటర్లది పెడితే 12 అవుతుంది, కానీ లివరు హ్యాండిల్‌కు ఆనుకునేదాకా వస్తుంది.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిలుకు కొత్తలో ఉండాల్సిన కనీస మరుగుస్థానం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. తీరప్రాంతపు ఉక్కలో రెండేళ్లకోసారి మార్చడం ఖర్చు కాదు, అవసరం.

ఆర్టీవో లెక్క

మోటారు వాహనాల చట్టం కేంద్రానిది కాబట్టి పుదుచ్చేరి పీవై-01కీ, కాకినాడ పక్కనున్న యానాం పీవై-04కీ, మన ఏపీ, టీజీ బళ్లకూ ఒకటే. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. వేరే ఫోర్కుతో చక్రాల మధ్య దూరం మారితే ఆర్సీలోని అంకె కూడా తప్పుతుంది.

బండికి 50 ఏళ్లు నిండితే ఇంకా జాగ్రత్త. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికే వింటేజ్ హోదా. కొత్తగా రిజిస్టర్ చేస్తే రుసుము 20,000, పునరుద్ధరణకు 5,000, కాలం 10 ఏళ్లు, నంబరులో వీఏ అక్షరాలు. రోజువారీ తిరుగుడుకు ఆ నంబరు పనికిరాదు. 1975లో రిజిస్టరైన బుల్లెట్‌కు అల్లాయ్ చక్రం, తలకిందుల ఫోర్కు బిగిస్తే ఆ హోదా చేజేతులా పోగొట్టుకున్నట్టే.

ఇంతకీ ఏం చేయాలి?

50 ఏళ్లు దాటిన బండిని ముట్టుకోవద్దు, డ్రమ్మునే బాగుచేయించండి. అంతకంటే చిన్న వయసు బండితో ఈసీఆర్ మీద తిరగాలంటే, అదే కంపెనీ తర్వాతి మోడళ్లకు ఇచ్చిన 280 మిల్లీమీటర్ల డిస్కు, దాని క్యాలిపరు, దాని మాస్టర్ సిలిండరు ఒకే సెట్టుగా తీసుకోండి. చక్రం 19 అంగుళాలే ఉంచండి, ఫోర్కు పొడవు మారనివ్వకండి. ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. పాత ఫోర్కునూ హబ్బునూ మాత్రం పాత సామాన్లవాడికి అమ్మకండి. బండికి 50 నిండిన రోజున వాటి విలువ తెలుస్తుంది.