దురద చర్మానిది, గోల రక్తానిది

మన ఒంటి మీద చర్మం ఎప్పుడూ పాతదే ఉండదర్రా పిల్లలూ. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకొచ్చి, ఎండి, రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నవాళ్ళకి ఈ నెల పని మూడు నుంచి అయిదు రోజుల్లో ముగిసిపోతుంది. అమ్మమ్మ అట్లు పోస్తుంటే మీరు కంచాల ముందు కూర్చుని "ఇంకోటి, ఇంకోటి" అని గోల పెడతారు చూడండి, పాపం ఆవిడ కాలీకాలకుండానే తీసేస్తుంది, అవన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ కణాలూ అంతే. పండకుండా పైకొచ్చి, విడివిడిగా రాలలేక, మోచేతుల మీదా మోకాళ్ళ మీదా తెల్లటి పొలుసులై పేరుకుంటాయి. పొలుసు గిల్లితే కింద సూదిమొనంత నెత్తుటి చుక్కలు లేస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. పక్కన కూర్చోవచ్చు, ఒకే గ్లాసులో నీళ్ళు తాగొచ్చు.

మరి అక్కడ గోల పెట్టేదెవరు? తెల్ల రక్తకణాల్లో టి కణాలని ఉన్నాయి. రోగక్రిములతో పోరాడవలసినవి, ఏ శత్రువూ లేకుండానే చర్మంలో చేరి, ఐఎల్-17 వంటి రసాయనాలు వదులుతూ తొందరపెడతాయి. ఈ సంగతి బయటపడిన తీరు నాకు భలే ఇష్టం. మార్చిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా టి కణాలను అణచే సైక్లోస్పోరిన్ అనే మందు ఉంది. 1979లో దాన్ని కీళ్ళ జబ్బులకి వాడి చూస్తుంటే, కొందరికి ఉన్న సోరియాసిస్ తగ్గిపోయింది! చర్మానికి ఏమీ రాయలేదు, రక్తకణాలు నెమ్మదించాయి, అంతే.

ఇక దురద. సోరియాసిస్‌కి దురద అంతగా ఉండదని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. రాత్రిళ్ళు నిద్ర లేకుండా గోక్కునేవాళ్ళని అడిగి ఉంటే తెలిసేది! మామూలు దద్దుర్లకి వేసే సెట్రిజిన్ దీనికి పెద్దగా పనిచేయదు. అది హిస్టమిన్‌ని అడ్డుకునే మాత్ర. ఇక్కడ నరాల కొసలను పొడిచేవి ఎక్కువగా వేరే రసాయనాలు. ఐఎల్-17ని అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాక చాలామందికి మొదటి వారాల్లోనే దురద తగ్గుతోంది. మచ్చ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం గోకడం మానేస్తుంది. అదెంత మేలో! గోకిన చోట కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు గుణం మరి.

ఈ జబ్బు మందుల్లో మన భీమవరం ఆయన చెయ్యి కూడా ఉందర్రా. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేయించారు. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆ బృందం నుంచే వచ్చాయి. అమినోప్టెరిన్ మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడారు. కీళ్ళవాతం రోగికి ఇస్తే సోరియాసిస్ కూడా తగ్గిందని 1951లో గుబ్నర్ అనే డాక్టరు రాశాడు. సుబ్బారావుగారు 1948లోనే పోయారు, ఈ ముచ్చట ఆయన చూడనేలేదు.

మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుతున్నారు, సోరియాసిస్‌కి వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే మంచి తెల్లకణాలు కూడా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే చీటీ మీద వారం పేరు రాయించుకోవాలి, మధ్యమధ్య రక్త పరీక్ష, కాలేయం పరీక్ష చేయించుకోవాలి. ఐఎల్-17 మందులు వాడేవాళ్ళలో కొందరికి నోట్లో తెల్లటి పూత వస్తుంది, ఎందుకంటే బూజుక్రిములని ఆపేది ఆ ఐఎల్-17 కూడానూ. ఇలాంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టేముందు లోపల క్షయ దాక్కుని ఉందేమో చూస్తారు. రక్షణ సడలితే అది లేస్తుంది.

మందు ఆపితే మచ్చ చాలాసార్లు సరిగ్గా పాత చోటే తిరిగొస్తుంది. కొన్ని టి కణాలు రక్తంలోకి తిరిగిపోకుండా ఆ చర్మంలోనే కాపురం పెట్టేస్తాయి. వాటిని అక్కడినుంచి కదిలించడం ఎలాగన్నదే ఇప్పుడు శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు.