ఆరు నెలల వీసా, తొంభై రోజుల నంబరు

వేసవి వచ్చిందంటే మన సంఘంలో సగం ఇళ్ళవాళ్ళు ఇండియా ప్రయాణంలో వుంటారు. మిగతా సగం ఇళ్ళలో అక్కడినుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి దిగుతారు. పెట్టెలు తూకం వేసుకోవటంలోనూ, ఆవకాయ కస్టమ్సు దాటుతుందో లేదో అని బెంగపడటంలోనూ చూపించే శ్రద్ధలో పదోవంతు కూడా ఫోను విషయంలో చూపించం. "వెళ్ళాక చూసుకుందాంలే" అనేస్తాం. ఆ చూసుకోవటం ఖరీదు ఒక్కోసారి కొన్ని వందల డాలర్లు. ఒక్కోసారి డాలర్లతో తీరని చిక్కు.

ముందుగా వచ్చిన తరంవారికి గుర్తుండే వుంటుంది. 1990ల తొలి రోజుల్లో ఇండియాకి ఫోనంటే నిమిషానికి డాలరుకి అటూ ఇటూగా పడేది. చెప్పదలుచుకున్నవి కాగితం మీద రాసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, "బాగున్నారా? బాగున్నాం. ఉత్తరం అందిందా?" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచి పెట్టేసేవాళ్ళు. భారతదేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న నడిచింది. కలకత్తానుంచి జ్యోతిబసు గారు ఢిల్లీలో వున్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో అక్కడ సెల్‌కి వచ్చిన కాలుకి కూడా డబ్బు కట్టాల్సిందే! విదేశీ కాల్స్ మీద వి.ఎస్.ఎన్.ఎల్. గుత్తాధిపత్యం 2002లో ముగిసింది. కాలింగ్ కార్డులు వచ్చాయి, పోయాయి. 2009లో వోనేజ్ కంపెనీ నెలకి 25 డాలర్లకి ఇండియాతో ఎంతసేపైనా మాట్లాడుకోమంది. 2015లో వాట్సాప్‌లో మాటలు మొదలయ్యాక ఆ పాతిక డాలర్లూ అక్కర్లేకపోయాయి.

మాట ఉచితమైంది సరే, ఈలోగా నంబరు విలువ పెరిగింది. బాంకు తలుపు తెరవాలన్నా, ఆధార్ పని జరగాలన్నా, పెన్షను సంగతి చూసుకోవాలన్నా ఆ పదంకెల నంబరుకి వచ్చే ఓటీపీయే తాళంచెవి. కాబట్టి ఈ రోజుల్లో ఫోను పొదుపంటే నిమిషాలు లెక్కపెట్టుకోవటం కాదు. డేటా తెలియకుండా కారిపోకుండా, నంబరు చచ్చిపోకుండా చూసుకోవటం.

మన ప్రయాణం సంగతి ముందు చెప్పుకుందాం, అది తేలిక. ఏటీ అండ్ టీ, వెరైజన్ రెండూ విదేశంలో మన మామూలు ప్లానే వాడుకోనిస్తాయి, రోజుకి 12 డాలర్ల చొప్పున. వారం రోజుల పెళ్ళి ప్రయాణానికి ఫరవాలేదు. నెలరోజులు రోజూ వాడితే ఒక ఫోనుకి 360, నలుగురికి 1440 డాలర్లు. అంటే ఇంచుమించు ఇంకో విమానం టిక్కెట్టు! ఏటీ అండ్ టీ ఒక బిల్లులో పది రోజులకి మించి వసూలు చేయదు, అదే ఖాతాలో రెండో ఫోనునుంచి సగమే తీసుకుంటుంది. ఆ మేరకు నయం. టీ-మొబైల్ 2013నుంచి చాలా ప్లాన్లలో విదేశాల్లో డేటా, టెక్స్టులు అదనపు ఖర్చు లేకుండా ఇస్తోంది. ఆ డేటా వేగం ఎద్దుబండిదే అనుకోండి, అయినా దారి వెతుక్కోవటానికీ, వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసుకోవటానికీ చాలు. మీ ప్లాన్ ఏ రకమో బయల్దేరేముందు ఒకసారి అడగండి.

నెలపాటు వుండేవాళ్ళకి అక్కడి సిమ్ముకి మించిన పొదుపు లేదు. మూడు నాలుగు వందల రూపాయలకి 28 రోజులు మాటలూ, రోజుకి ఒకటిన్నర గిగాబైట్ల డేటా దొరుకుతాయి. అంటే ఇక్కడి నాలుగైదు డాలర్లు. అయితే రెండు మెలికలున్నాయి. వాయిదాలమీద కొన్న ఫోను ఆ వాయిదాలు తీరేదాకా సాధారణంగా కంపెనీ తాళంలోనే వుంటుంది. ఇంకో సిమ్ము పనిచెయ్యదు. రెండోది, 2022లో వచ్చిన ఐఫోన్ 14నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ము పెట్టే అరే లేదు. బజార్లో కొన్న ప్లాస్టిక్ సిమ్ము చేత్తో పట్టుకుని ఎక్కడ దూర్చాలో తెలియక తిరగేసి చూసుకోవాలి. ఎయిర్‌టెల్, జియో, వి మూడూ ఈ-సిమ్ ఇస్తాయి, అది కావాలని ముందే చెప్పండి.

మరి ఇక్కడి బాంకులు మన అమెరికా నంబరుకి పంపే సంకేతాలో? దీనికొక చక్కటి ఉపాయముంది. ఇక్కడుండగానే ఫోనులో వై-ఫై కాలింగ్ తెరిచిపెట్టుకోండి. అక్కడ ఫోనుని విమానం మోడులో పెట్టి, వై-ఫై ఒక్కటే వేసుకుంటే చాలు. మీ కంపెనీ ఇండియాలో వై-ఫై కాలింగ్‌ని ఒప్పుకుంటే, విజయవాడలో మేనమామగారి వరండాలో కూర్చున్నా అమెరికా నంబరు అమెరికాలో వున్నట్టే పనిచేస్తుంది. ఇక్కడికి చేసే కాల్స్‌కి రోజువారీ రుసుము పడదు. ఆ లైనుమీద గుంటూరుకో ఏలూరుకో చేస్తే మాత్రం విదేశీ కాలు కింద బిల్లు వస్తుంది. వాటికి వాట్సాప్ వుంది కదా. కొత్త సిమ్ము వెయ్యగానే వాట్సాప్ "నంబరు మార్చుకుంటారా" అని అడగొచ్చు. వద్దనండి.

ఇక పెద్దవాళ్ళ సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే. సందర్శకుల వీసామీద వచ్చినవారికి మామూలుగా ఆరు నెలలు వుండనిస్తారు. ఇండియాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం చూస్తే, 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరుని కంపెనీ రద్దు చెయ్యవచ్చు. రద్దయిన నంబరు కొన్నాళ్ళకి ఇంకెవరికో వెళ్ళిపోతుంది కూడా. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళు తక్కువ.

మాకు తెలిసిన ఒకరింట్లో జరిగింది చెబుతాను. మామగారు రాగానే అల్లుడు ప్రేమగా కొత్త అమెరికా సిమ్ము వేసిచ్చాడు. పాత సిమ్ము పర్సులోకి వెళ్ళింది. అయిదో నెలలో ఊళ్ళో తమ్ముడికి ఆపరేషను. డబ్బు పంపుదామని కూర్చుంటే ఓటీపీ రాదు. నంబరు పోయింది. మార్చాలంటే స్వయంగా బ్రాంచికి రమ్మన్నారు. బాంకులో సొంత డబ్బు వుండి, దాన్ని ముట్టుకోలేక పెద్దాయన పడిన అవస్థ చెప్పనలవి కాదు. డబ్బు అల్లుడు సర్దాడనుకోండి, కానీ ఆయనకి అది నామోషీగానే వుండిపోయింది.

దీన్ని తప్పించటానికి అయ్యే ఖర్చు స్వల్పం. బయల్దేరకముందే ఆరు నెలలు దాటే రీచార్జి చేయించాలి. డేటా అక్కర్లేనివారికి మాటలూ ఎస్సెమ్మెస్సులూ మాత్రమే వుండే ప్లాన్లు పెట్టమనీ, ప్రత్యేక వోచర్ల గడువు 365 రోజులదాకా వుండవచ్చనీ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. ఆ తర్వాత ఏడాది ప్లాన్లు వచ్చాయి. అంతర్జాతీయ రోమింగు కూడా అక్కడే తెరిపించి, డేటా రోమింగు మాత్రం మూసివెయ్యాలి. వచ్చే ఎస్సెమ్మెస్సుకి సాధారణంగా డబ్బు పడదు, వచ్చిన కాలు ఎత్తితే పడుతుంది. అందుకని "పాత నంబరు మోగితే ఎత్తకండి నాన్నగారూ, వాట్సాప్‌లో మనమే చేద్దాం" అని మొదటిరోజే చెప్పాలి. వారానికోసారి ఆ సిమ్ముకి సిగ్నలు వుందో లేదో చూడటం, నెలకోసారి దాన్నుంచి ఒక ఎస్సెమ్మెస్సు పంపటం మంచిది. పది రూపాయలో ఇరవయ్యో పోతే పోనీండి. బాంకులో ఈమెయిలు కూడా నమోదు చేయిస్తే ఇంకో తలుపు తెరిచివుంచినట్టు.

ఇండియా ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ముల చోటుంటుంది కాబట్టి ఒకదాంట్లో పాతది వుంచి, రెండోదాంట్లో ఇక్కడి చవక ప్రీపెయిడ్ సిమ్ము వేయవచ్చు. నెలకి 15 డాలర్లకే ఇచ్చే చిన్న కంపెనీలున్నాయి. అవి నడిచేది పెద్ద కంపెనీల టవర్లమీదే. కాకపోతే నాన్నగారు ముచ్చటపడి తెచ్చుకున్న బటన్ల ఫోను ఇక్కడ పలక్కపోవచ్చు. ఏటీ అండ్ టీ, వెరైజన్ రెండూ 2022లో పాత త్రీజీ నెట్‌వర్కులు మూసేశాయి. ఏటీ అండ్ టీ అయితే తను ఒప్పుకునే ఫోన్ల జాబితా ప్రచురిస్తుంది. ఆ మోడలు నంబరు అందులో వుందో లేదో వాళ్ళు విమానం ఎక్కకముందే చూసి పెట్టండి.

ఒక చిన్నమాట. వచ్చిన పెద్దవాళ్ళని నయాగరాకి తీసుకెళ్ళని ఇల్లు లేదు కదా. జలపాతం దగ్గర ఫోను ఏటికవతలున్న కెనడా టవరుని పట్టుకోవటం పరిపాటి. మన పెద్ద ప్లాన్లలో చాలావాటికి కెనడా కలిసే వుంటుంది. పెద్దవాళ్ళ చవక సిమ్ముకి వుందో లేదో చూసుకుని, లేకపోతే కారు దిగేముందే వాళ్ళ రోమింగు ఆపేయండి.