కాలికి కుదిరితేనే ఫిన్

అండమాన్‌లోని హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) వద్ద పగడపు దిబ్బలు చూసేందుకు గాలి సిలిండరుతో సముద్రంలోకి దిగేవారిలో చాలామంది, కాళ్లకు తొడిగే కప్పకాళ్లలాంటి ఫిన్ల సంగతి అంతగా పట్టించుకోరు. బిగుతైతే కాలు తిమ్మిరెక్కి, పిక్క పట్టేస్తుంది. ప్రవాహంలో పిక్క పట్టిందంటే ఈత సాగదు. వదులైతే మడమ ఒరుసుకుని బొబ్బలెక్కుతాయి.

అక్కడి నీరు వెచ్చన. పడవ నుంచి దిగేవారు మడమతో సహా కప్పే రకం ఒట్టి కాలికే తొడగవచ్చు. రాళ్ల ఒడ్డు మీదుగా నడిచి దిగేవారికి మాత్రం రబ్బరు బూట్లు, వాటిపై వెనుక పట్టీ ఉన్న రకం మేలు.

పొడుగాటి, బిరుసు ఫిన్లపై కొత్తవారికి మోజెక్కువ. వాటితో కాళ్లు త్వరగా అలసిపోతాయి. పైగా అదుపు తప్పి కొస తగిలిందా, ఏళ్ల తరబడి పెరిగిన పగడం విరిగిపోతుంది. తొడిగినప్పుడు వేళ్లు ముడుచుకోకుండా, మడమ జారకుండా ఉన్న జతనే తీసుకోవాలి.